మా అత్త సున్నం వేసిన సమాధి

కాగితం మీద ఉన్నంత నమ్మకం నాకు మనుషుల మీద ఎప్పుడూ ఉండేది కాదు. బడి హాజరుపట్టీ దగ్గర్నుంచి ఇంటి కరెంటు బిల్లు దాకా ప్రతిదీ తేదీ వేసి, దారంతో కట్టి దాచేదాన్ని. "నువ్వు టీచరువి కాదే అమ్మీ, తాసీల్దారు ఆఫీసులో పుట్టాల్సిన మనిసివి" అని మా అత్త నవ్వేది. అప్పట్లో దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ, నర్సీపట్నంలో చర్చి వెనక వీధిలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేది. నాకు ఆ ఊళ్ళోనే ఎలిమెంటరీ స్కూలుకు పోస్టింగ్ వచ్చింది. అప్పటికి అమ్మ లేదు, నాన్న పోయి రెండేళ్ళు. ట్రంకుపెట్టె పట్టుకుని అత్త ఇంటికే వెళ్ళాను, ఇంక అక్కడే ఉండిపోయాను. ఇంట్లో ఇద్దరమే.

1991లో జనాభా లెక్కలు వచ్చాయి. టీచర్లకు తప్పని డ్యూటీ. మా వీధులే నాకు పడ్డాయి. అన్ని ఇళ్ళూ తిరిగి, చివరికి మా ఇంటి ఫారం అత్త ఎదురుగా కూర్చుని రాశాను.

"మొదటి పేరు నాదేనేటి?" అంది.

"నీదే. కుటుంబ పెద్దవి నువ్వే కదా."

అత్త పైట సర్దుకుని, ఫొటో తీయించుకునే మనిషిలా నిటారుగా కూర్చుంది. వయసు, మతం, మాతృభాష అన్నీ చెప్పింది. నేను ఫారం మడవబోతుంటే, "మరి మా నాన్న పేరో?" అని అడిగింది.

"చనిపోయినవాళ్ళని ఇందులో రాయరత్తా."

"మరాళ్ళని దేన్లో రాస్తారు?"

నాకు నవ్వొచ్చింది. వాళ్ళకి వేరే రిజిస్టర్లుంటాయనీ, తాత మిలటరీ మనిషి కనుక అక్కడొకటి ఉంటుందనీ, చర్చిలో ఇంకోటి ఉంటుందనీ, అన్నీ వెతికించి ఆమె చేతిలో పెడతాననీ చెప్పాను. ఆమె అడిగింది ఒక్క ప్రశ్న. నేను ఇచ్చింది పదేళ్ళ పని. ఊరుకున్నదాన్ని ఊరుకోక అంటారే, అలా మొదలైంది.

తాత గురించి మాకు తెలిసినదంతా నాయనమ్మ చెప్పిందే. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు రోడ్లు వేసే దళంలో చేరాడట. బర్మా వైపు పంపారట. జ్వరంతో తిరిగొచ్చి, నెల తిరక్కుండానే ఇంట్లో పోయాడట. అప్పటికి అత్తకు మూడేళ్ళు, మా నాన్న ఇంకా పుట్టలేదు. తాతను మిషను సమాధుల తోటలో, జీడిమామిడి చెట్టు పక్కన పెట్టారట. ఫొటో లేదు. నాయనమ్మ పెన్షను పుస్తకం ఒక్కటే మిగిలింది, దాని మీద ఒక నంబరు.

సమాధి మాత్రం ఉంది. దాన్ని చూసుకునే హక్కంతా అత్తది. మా చర్చివాళ్ళకు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన ఉంటుంది. ముందు రోజు శనివారం ఎవరి సమాధులకు వాళ్ళు సున్నం వేసుకుంటారు. అత్త గురువారమే సున్నం నానబెట్టేది. అందులో చిటికెడు నీలిమందు కలిపేది. తాటిపీచు కుంచె తనే దంచి కట్టుకునేది. సమాధి మోకాలెత్తు దిమ్మ, తలవైపు మూరెడు రాయి. ఏటేటా సున్నం పడీ పడీ ఆ రాయి నున్నగా, గుండ్రంగా, పెద్ద కొబ్బరి లౌజులా తయారైంది. తెల్లారకముందే ఆదివారం నాడు కొవ్వొత్తులు ముట్టించి, అత్త ఆ దిమ్మ పక్కన చాప వేసుకుని కూర్చునేది. నేను కూడా కూర్చునేదాన్ని, ఆవలిస్తూ.

ఆ దిమ్మకూ జీడిచెట్టుకూ మధ్య ఒక మనిషికి సరిపడా ఖాళీ ఉండేది. అత్త ఏటా జానలతో కొలిచి చూసుకునేది. "నాను పొట్టిదాన్ని. బాగా సరిపోద్ది" అనేది. బతికుండగా ఆమె తన కోసం అడిగిన జాగా అంతే. బంగారం అడగలేదు, నన్ను పెళ్ళి చేసుకోమని కూడా గట్టిగా అడగలేదు. నాన్న పక్కన పడుకోవాలి, అంతే.

నేను వెతకడం మొదలుపెట్టాను. వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళి మాజీ సైనికుల ఆఫీసులో అడిగాను. అక్కడున్న పెద్దాయన పెన్షను పుస్తకం తిప్పి చూసి, ఆ నంబరు ఏ దళానిదో చెప్పి, ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో చీటీ మీద రాసిచ్చారు. రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. మధ్యలో నాకు నాతవరం వైపు బదిలీ అయింది. పొద్దున్నే షేరాటోలో ఇరుక్కుని వెళ్ళడం, సాయంత్రం దుమ్ముకొట్టుకుని రావడం, ఆ పనిలో కొన్నేళ్ళు గడిచాయి. అత్త ఒక్కసారి కూడా "ఏటైంది?" అని అడగలేదు. అడగకపోవడాన్ని నేను పట్టించుకోలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని, నా ధోరణి నాది.

చర్చిలో ఖననాల రిజిస్టరు చూడనిమ్మని పాస్టరు గారిని అడిగాను. నల్ల అట్ట, చెదలు అంచులు తినేసిన పుస్తకం. ఒక మధ్యాహ్నమంతా వేలు పెట్టి వరసలన్నీ చదివాను. యుద్ధం రోజుల పేజీలు చక్కగా ఉన్నాయి. పసిపిల్లల పేర్లూ, కలరాతో పోయినవాళ్ళూ, కొయ్యూరు కొండల నుంచి ఆసుపత్రికి మోసుకొచ్చినవాళ్ళూ అందరూ ఉన్నారు. మా తాత లేడు. రాయడం మర్చిపోయుంటారని సర్దిచెప్పుకున్నాను. కానీ ఇంటికొచ్చి అత్తకు ఆ మాట చెప్పలేదు.

మూడో ఉత్తరానికి జవాబొచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసిన అర పేజీ. ఆ నంబరు గల మనిషి అస్సాం అవతల ఒక యుద్ధ ఆసుపత్రిలో జ్వరంతో చనిపోయాడు. అక్కడే ఖననం చేశారు. సమాధి గుర్తు లభ్యం కావడం లేదు. భార్యకు తెలియజేశారు, పెన్షను మంజూరైంది. కింద సంతకం, ముద్ర.

అంటే తాత తిరిగి రానేలేదు.

నిజం చెప్తాను. ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. లెక్క తేలినప్పుడు పిల్లాడికి కలిగే సంబరం. మరి ఆ దిమ్మ కింద ఎవరున్నారు? అది కూడా తేల్చేయాలి. ఆలోచన అంతవరకే వెళ్ళింది, అక్కడ అత్త ఉందన్న సంగతి దగ్గరికి వెళ్ళలేదు.

ఆ ఏడు ఈస్టరు ముందు శనివారం, "పాత సున్నం పెచ్చులూడుతోంది అత్తా, ఈసారి గీకేసి కొత్తగా వేద్దాం" అన్నాను. అబద్ధాలంటే గిట్టని నేను ఆడిన అబద్ధం అది. అత్త సంతోషపడింది. ఇన్నాళ్ళకి నాకు సమాధి మీద శ్రద్ధ కలిగిందనుకుంది. "బేగి గీకీ మరి, ఎండెక్కిపోద్ది" అంటూ జీడిచెట్టు నీడన కూర్చుంది.

వంటింటి అట్లకాడతో గీకాను. సున్నం పొరలు పొరలుగా లేచింది. ఒకటి తెల్లగా, ఒకటి నీలంగా, ఒకటి పసుపు తిరిగి. ఒక్కో పొరా ఒక్కో ఈస్టరు. అరంగుళం మందం ఊడాక రాయి కనబడింది. రాయి మీద అక్షరాలు. వాటిలో ఇరుక్కున్న సున్నాన్ని జడపిన్నుతో తవ్వాను. అదొక ఆడమనిషి పేరు. ఆసుపత్రిలో ప్రసవమై పోయిందనీ, బిడ్డ కూడా ఆమెతోనే ఉందనీ, ప్రభువునందు నిద్రించిందనీ రాసుంది. యుద్ధానికి చాలా ముందటి మాట.

అత్తకు చదువొచ్చు. రోజూ బైబిలు చదువుకునే మనిషి. లేచొచ్చి, నా భుజం మీద చెయ్యేసి వంగి, అక్షరం అక్షరం చదువుకుంది.

"ఆడమనిసా?" అంది.

అప్పుడు చెప్పాను. జాకెట్లో దాచుకొచ్చిన ఉత్తరం తీసి, తెలుగు చేసి వినిపించాను. అవును, అక్కడే, ఆ ఎండలోనే. ఇంటి దాకా ఆగలేకపోయాను. అత్త చివరిదాకా విని, దిమ్మ మీద రాలిన పెచ్చుల్ని అరచేత్తో ఊడ్చింది. ఏడవలేదు. 

"పండగనాడు అందరూ తలో సమాది కాడా కూకుంటారు. మనదేదే అని నాను ఏడిసుంటాను. చిన్నపిల్లని కదా. అమ్మకి సదువు రాదు. ఎవులూ రాని సమాది ఏదో సూసి, ఇదే మీ నాన్న అని సూపించేసుంటాది."

ఆమెకు ఒక్క నిమిషంలో అర్థమైన సంగతి, ఇన్నేళ్ళు కాగితాల వెంట తిరిగిన నాకు తట్టనే లేదు. నాయనమ్మకు తెలుసు. ఆ అరపేజీలో ఉన్న కబురు ఆమెకు యాభై ఏళ్ళ క్రితమే అందింది. దాన్ని ఆమె మింగేసి, పిల్లకు ఒక దిమ్మ ఇచ్చింది.

"కుంచె ఇలాగియ్యి" అంది అత్త. తనే సున్నం వేసింది. అక్షరాల్లోకి కుంచె పొడిచి పొడిచి మరీ వేసింది. "ఇంక దీని సంగతి ఎక్కడా ఎత్తకు. ఎవులైతేనేటి, ఇన్నేళ్ళు మన సున్నమే పూసుకుంది. మన మనిసే."

మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే చాప వేసింది. ఎప్పటిలాగే కొవ్వొత్తులు ముట్టించింది. ఒకటి ఎక్కువ ముట్టించింది, ఆ బిడ్డకి కాబోలు.

మరుసటి ఏడాది చర్చి సంఘంలో ప్రకటించారు. పాత సమాధుల తోట నిండిపోయింది, కోటవురట్ల రోడ్డులో కొత్త స్థలం కొన్నారు, ఇకమీదట అందరూ అక్కడే. పాత తోటలో తల్లిదండ్రుల పక్కనో, భర్త పక్కనో ఖాళీ ఉన్నవాళ్ళు మాత్రం దరఖాస్తు పెట్టుకోవచ్చు. రికార్డు లేకపోతే సంఘంలో ఇద్దరు పెద్దవాళ్ళు సాక్ష్యం చెప్తే చాలు. అత్తకు ఇద్దరు కాదు, ఇరవైమంది చెప్పేవాళ్ళు. ఆమె అక్కడ సున్నం వెయ్యడం చూడనివాళ్ళెవరు?

"మా నాన్న సమాది పక్కన అని రాసీ" అంది.

"తెలిసి తెలిసి అబద్ధం రాయమంటావా? అదీ చర్చికి?"

"అది అబద్దం కాదే అమ్మీ. మా అమ్మ మాట."

నేను ఊరుకుని రాసేస్తే సరిపోయేది. కానీ నాకు నా తెలివి మీద నమ్మకం. దేశం కోసం పోయిన మనిషి, గుర్తు కూడా లేని సమాధి, యాభై ఏళ్ళుగా పరాయి సమాధికి సున్నం వేసిన కూతురు. ఇది చదివితే ఎవరి మనసైనా కరుగుతుంది, సంఘమంతా లేచి నిలబడి స్థలం ఇస్తుంది అనుకున్నాను. అత్తకు తెలియకుండా రెండు పేజీల ఉత్తరం రాశాను. రికార్డు ఆఫీసు జవాబు నకలు జతచేశాను. ఆ దిమ్మ కింద ఉన్నది ఫలానా ఆమె అని పేరుతో సహా రాశాను. దరఖాస్తుకు గుచ్చి సంఘ కార్యదర్శి గారి చేతికిచ్చాను.

సంఘ పెద్దలు నా ఉత్తరం చదివారు. మనసు కరిగే ఉంటుంది, కాదనను. కానీ పక్కనే ఇంకో పదిమంది దరఖాస్తులున్నాయి. "మీవాళ్ళ సమాధి కాదని మీరే రాసిచ్చాక మేమెలా ఇవ్వగలమమ్మా?" అన్నారు కార్యదర్శి గారు. ఆయన మెత్తని మనిషి, మెత్తగానే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పినవాళ్ళకు చర్చిలో చోటు లేదా అని అరిచాను. మీ దయ మాకక్కర్లేదన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆ తర్వాత ఆదివారాలు కూడా ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాల్సి వచ్చింది. చేటలో బియ్యం ఏరుతోంది. ఆ పని ఆపలేదు. "ఊరుకోమన్నాను కదే" అంది, అంతే. తిట్టి ఉంటే ఇప్పుడింత బరువుండేది కాదు.

2001లో మళ్ళీ జనాభా లెక్కలొచ్చాయి. ఈసారి మా వీధికి వేరే టీచరు వచ్చాడు. కుటుంబ పెద్ద ఎవరని అడిగితే, "దాని పేరు రాయండి బాబూ. ఈ ఇంట్లో అన్నీ అదే తేలుస్తాది" అని నా వైపు చూపించింది అత్త. ఆ అబ్బాయి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ మరుసటి ఏడు అత్తకు గుండెకి నీరు పట్టింది. కాళ్ళు వాచాయి. తను పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం మీద ఉంది. ఒక సాయంత్రం నేను బత్తాయిరసం తీస్తుంటే, ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మీ, నువ్విచ్చిన ఆ కాయితం ఎనక్కి తెచ్చుకోడానికి అవుద్దేటి?"

"అవదత్తా. ఒకసారి ఫైల్లోకి వెళ్ళిన కాగితం వెనక్కి రాదు" అన్నాను.

ఎంత ఠక్కున అన్నానో. పాతికేళ్ళ సర్వీసు ఉన్నదానిలా, రూలు తెలిసినదానిలా. అత్త "ఓహో" అంది. రసం తాగింది. గ్లాసు నా చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పోయేముందు రోజు మాత్రం, "ఈస్టరుకి దానికి సున్నం మానకు. దానికి ఎవులూ లేరు" అంది.

అత్తను కోటవురట్ల రోడ్డు స్థలంలో పెట్టాము. ఎర్రటి గులకనేల. ఒక్క చెట్టు లేదు. అప్పటికి అక్కడ ఉన్నవి నాలుగు మట్టిదిబ్బలు, నలుగురూ ఒకరికొకరు తెలియనివాళ్ళు. గొయ్యి కాస్త పొడుగ్గా తవ్వారు. పొట్టిది, అంత అక్కర్లేదు అని చెప్పబోయి, కళ్ళతోనే జానలు లెక్కపెట్టాను.

అత్త జ్ఞాపకార్థం ఇంట్లో ఆదరణ కూటం పెట్టిన రోజు కార్యదర్శి గారొచ్చారు. ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకు లేస్తుంటే, సంచిలోంచి కవరు తీసి నాకిచ్చారు. విప్పకుండానే గుర్తుపట్టాను. నా ఉత్తరం.

"ఇంక దీనితో మాకు పని లేదు కదమ్మా, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. సంచి మూతి ముడుస్తూ, "మీరొచ్చి తీసుకుంటారని చూశామండీ" అన్నారు.

నాకర్థం కాలేదు.

"పెద్దలందరం అప్పుడే అనుకున్నాం. ఆ ఉత్తరం లేకపోతే దరఖాస్తులో అడ్డేమీ లేదు, సాక్ష్యాలు సరిపోతాయి అని. ఇచ్చినవాళ్ళే వచ్చి వెనక్కి తీసుకోవాలి గానీ, మాకు మేము చింపెయ్యలేం కదా. మీరు నాతో మాట్లాడటం లేదని, మీ అత్తగారిని ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆమెతో చెప్పానండీ. మీతో చెప్తానన్నారు. చెప్పలేదా?"

చెప్పింది. నేను బత్తాయిరసం తీస్తుంటే చెప్పింది. అవుతుందని తెలిసే అడిగింది. అవదని నేను తేల్చేస్తే, నా మాట తప్పని నాతో అనలేదు. వెళ్ళి ఆయన్ని అడుక్కోవే అని కూడా అనలేదు. నేనెంత పొగరుమోతునో ఇన్నేళ్ళు నన్ను చూసిన మనిషికి తెలియదా? నా తల వంచడం కన్నా గులకనేల నయమనుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు. నాకు పట్టుకోవడానికి కాగితం మిగిలింది. నాయనమ్మ పెన్షను పుస్తకం, రికార్డు ఆఫీసు జవాబు, ఈ ఉత్తరం, మూడూ ఒకే పెట్టెలో ఉన్నాయి.

ఏటా ఈస్టరు ముందు శనివారం రెండు బకెట్ల సున్నం కలుపుతాను. ముందు పాత తోటకి వెళ్తాను. అత్త వేసినట్టే అక్షరాల్లోకి కుంచె పొడిచి వేస్తాను. నేను జడపిన్నుతో తవ్విన అక్షరాలు పూడటానికి చాలా ఏళ్ళు పట్టింది. పక్కన జీడిచెట్టు కింద ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు. తర్వాత రెండో బకెట్ పట్టుకుని ఆటో ఎక్కి కోటవురట్ల రోడ్డుకి వెళ్తాను.

అప్పుడప్పుడు ఆ ఉత్తరం తీసి చదువుతాను. గుండ్రటి టీచరు రాత. రెండు పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అబద్ధం లేదు.